రక్షాభారము

బిడ్డ పుస్తకముల సంచి భుజమున వేసికొని పాఠశాలకు బయలుదేరునప్పుడు తల్లి ఒక్క క్షణము వాకిట నిలిచి చూచుట మన గృహములందు తరతరములుగా వచ్చుచున్న అలవాటు. వీధి మలుపు తిరుగువరకు ఆమె చూపు బిడ్డను వెన్నంటి పోవును. ఆ పిమ్మట ఆమె లోనికి వచ్చి తన పనిలో మునుగును. ఆ మలుపు తరువాత బిడ్డ గురువుగారి చేతిలోని వాడని ఆమె నమ్మకము. గురుకులములనాడు పన్నెండేండ్లు బిడ్డను ఋష్యాశ్రమమున విడిచివచ్చిన తండ్రికైనను, నేడు సాయంత్రము నాలుగు గంటలకు బస్సుకొరకు ఎదురుచూచు తల్లికైనను ఆధారము ఆ నమ్మకమే. ఒకరి బిడ్డను వేరొకరి చేతిలో ఉంచి నిశ్చింతగా ఇల్లు చేరగలుగుట అను దానిపైననే లోకములోని విద్య అంతయు నిలిచియున్నది.

అమెరికా దేశమున ఈ ఆధారమునకు బీట వారినది. 1999 ఏప్రిల్ 20వ తేదీన కొలరాడో రాష్ట్రములోని కొలంబైన్ హైస్కూలులో అచ్చటి విద్యార్థులే ఇరువురు తుపాకులతో ప్రవేశించి, ఆనాడు పన్నెండుగురు విద్యార్థులను, ఒక ఉపాధ్యాయుని చంపి, తామును చనిపోయిరి. 2012 డిసెంబరు 14న కనెక్టికట్‌లోని శాండీ హుక్ ప్రాథమిక పాఠశాలలో ఇరువదిమంది పసిబిడ్డలు, ఆరుగురు సిబ్బంది. 2018 ఫిబ్రవరి 14న ఫ్లోరిడాలోని పార్క్‌లాండ్ హైస్కూలులో పదునేడుగురు. 2022 మే 24న టెక్సస్‌లోని యువాల్డీలో పందొమ్మిదిమంది పిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయినులు. ఈ జాబితా ఇంతటితో ముగియదు. ముగించుటకు మనసొప్పక కాదు, పెంచుటకు మనసొప్పక ఆపుచున్నాను.

ఇది మనకు పరాయిదేశపు వార్త మాత్రమే కాదు. డాలస్, అట్లాంటా నగరముల చుట్టుపట్ల, న్యూజెర్సీలో, కాలిఫోర్నియాలో స్థిరపడిన తెలుగు కుటుంబములు వేలకు వేలు. 2024 సెప్టెంబరు 4న నలుగురిని బలిగొన్న అపలాచీ హైస్కూలు జార్జియా రాష్ట్రమున, మనవారు అధికముగా నివసించు అట్లాంటా శివారులకు అంత దూరమున లేదు. ఇచ్చట కొండకు నడచివచ్చు వృద్ధదంపతులు తలనీలాలు సమర్పించుచు చెప్పుకొను మ్రొక్కులలో "మనుమడు బడినుండి క్షేమముగా ఇంటికి రావలెను" అనునదియు చేరినది. అట్టి ఒక గృహస్థు ఈ మధ్య ఒక ప్రశ్న వేసినారు: "స్వామీ, భగవంతుడు రక్షకుడని నమ్మినవారము గదా! ప్రతిదినము ఇట్లు భయపడుట మా విశ్వాసములోని లోపమా?" ఈ ప్రశ్నకు తొందరపడి సమాధానము చెప్పరాదు. దానికి ముందు ఆ భయము దేనినిగూర్చినదో, ఆ దేశమువారు దానికి చేసికొన్న ఏర్పాట్లెట్టివో తెలిసికొనవలెను.

తల్లిదండ్రులు సభలలో అడుగునది సామాన్యముగా తలుపులనుగూర్చియే. బయటి తలుపులన్నియు మూసియుండునా? లోనికి వచ్చువాని ముఖము చూచి, పేరు వ్రాసికొని విడుచుచున్నారా? లోహమును కనిపెట్టు యంత్రములు పెట్టుదురా? సాయుధుడైన కాపలాదారు ఉండునా? పార్క్‌లాండులో అసువులు బాసిన ఒక బాలిక పేరిట న్యూజెర్సీ రాష్ట్రము 2019లో ఒక చట్టము చేసినది. దాని ప్రకారము ప్రతి పాఠశాలలోను మీట నొక్కినంతనే చప్పుడు లేకుండ పోలీసులకు సమాచారమందించు ఏర్పాటు ఉండవలెను. ఇట్టివన్నియు అవసరమే. అపలాచీలో ఉపాధ్యాయుల మెడలోని గుర్తింపు కార్డులకే అట్టి మీట అమర్చబడియుండుట ఆనాడు మేలు చేసినది. కాని తలుపు, కాపలా అను రెండింటికిని హద్దు కలదు. పార్క్‌లాండులో తుపాకి ధరించిన రక్షకుడు ఉండియు భవనము వెలుపలనే నిలిచిపోయెను. యువాల్డీలో వందలకొలది పోలీసులు చేరియు, హంతకుడున్న తరగతిగదిలోనికి ప్రవేశించుటకు డెబ్బదియేడు నిమిషములు పట్టెను. బయట తల్లిదండ్రులు లోనికి పోనిండని ప్రాధేయపడుచుండిరి. వారిని ఆపుటకు మాత్రము చేతులు చాలినవి. ఆయుధము చేతనుండుట వేరు, అభయమిచ్చు సంకల్పము హృదయమున నుండుట వేరు. రెండవది కొనుటకు దొరకదు.

ఇక పిల్లల సంగతి. అచ్చటి ప్రభుత్వ పాఠశాలలలో నూటికి సుమారు తొంబదియైదింటిలో తలుపులు మూసి దాగుకొనుటను అభ్యాసము చేయింతురని 2015–16 విద్యాసంవత్సరపు ప్రభుత్వ లెక్కలలో తేలినది. దీపములార్పి, తలుపునకు గడియ వేసి, కిటికీకి కనబడని మూలలో పిల్లలందరు నేలపై కూర్చుందురు. మాటాడరాదు. సెల్‌ఫోన్ మ్రోగరాదు. ఇందొక విషాదమున్నది, గమనింపుడు. వార్త విన్న తల్లి ఆత్రముతో బిడ్డకు ఫోను చేసినచో, ఆ మ్రోగుటయే బిడ్డ జాడను హంతకునికి తెలుపవచ్చును. కన్నతల్లి పిలుపే అపాయమగు స్థితిని మన పురాణములలోని రాక్షసులును కల్పింపలేదు. తరగతిగదులలో ఫోనులను నిషేధింపవలెనని ఇటీవల పలు రాష్ట్రములు చట్టములు చేయుచుండగా, "ఆపద వచ్చినచో మా బిడ్డ గొంతు మేమెట్లు విందుము?" అని తల్లిదండ్రులే ఎదురాడుచున్నారు. చదువుకు ఫోను కీడని వారికి తెలియును. ఆ చివరి మాట వినుటకొరకు ఆ కీడును సహింప సిద్ధపడుచున్నారు.

ఈ సందర్భమున శ్రీమద్రామాయణములోని ఒక సంభాషణ మనసునకు వచ్చుచున్నది. అరణ్యకాండమున దండకారణ్య మునులు రాక్షసబాధ తాళలేక రాముని శరణు వేడగా, ఆయన అభయమిచ్చి ముందుకు సాగుచుండెను. అప్పుడు సీతమ్మవారు మిక్కిలి వినయముతో ఒక హెచ్చరిక చేసినది. వైరము లేనివారిని హింసించుట అను దోషము ధనుర్బాణములు ధరించి అడవిలో తిరుగువారికి తెలియకుండనే దాపురించునని ఆమె భయము. ఆమె ఒక కథ చెప్పినది. పూర్వమొక సత్యసంధుడైన తపస్వి ఉండెను. ఇంద్రుడు భటుని వేషమున వచ్చి ఆతని వద్ద ఒక ఖడ్గమును న్యాసముగా, అనగా నమ్మకముపై దాచియుంచు సొమ్ముగా, విడిచిపోయెను. ముని దుష్టుడు కాడు. ఒకరు నమ్మి ఇచ్చిన వస్తువును భద్రముగా కాపాడవలెనను ధర్మబుద్ధి తోడనే ఆ ఖడ్గమును ఎడబాయక వెంట నుంచుకొనెను. కందమూలములకు పోయినను చేతిలో కత్తియే. క్రమక్రమముగా ఆతని బుద్ధి క్రూరమైనది, తపస్సు సడలినది, తుదకు నరకమునకు పోయెను.

ఈ కథలోని సూక్ష్మమును గమనింపవలెను. ఆ ముని ఎవరినో చంపదలచి కత్తి పట్టలేదు. కాపాడదలచి పట్టెను. కత్తియే ఆతని మనసును తనకు తగినట్లు దిద్దుకొన్నది. అగ్నితోడి సంపర్కము కట్టెను మార్చునట్లు ఆయుధముతోడి సంపర్కము మనిషిని మార్చునని అమ్మవారి భావము.

అమెరికాలో తుపాకి కొనువారిలో పెక్కురు చెప్పు కారణము ఇదియే: ఇంటి రక్షణ, బిడ్డల రక్షణ. 1791 నుండి వారి రాజ్యాంగమున ఆ హక్కు కలదు. మన దేశమున 1959 నాటి ఆయుధ చట్టము ప్రకారము అనుమతిపత్రము లేనిదే తుపాకి ఉంచుకొనరాదు గనుక, సామాన్య తెలుగు గృహస్థునకు తుపాకి ఇంట నుండుట అనునది ఊహకందని సంగతి. అచ్చట అది అలమారలోని వస్తువు. అయితే కాపాడుటకని తెచ్చినది చేసిన పని యేమి? ఆ దేశాధ్యక్షుని అంగరక్షణ చూచు సీక్రెట్ సర్వీస్ సంస్థ 2008 నుండి 2017 వరకు పాఠశాలలలో జరిగిన 41 దాడులను పరిశీలించి 2019లో నివేదిక ప్రకటించినది. తుపాకులతో జరిగిన దాడులలో సుమారు మూడువంతులకు పైగా ఆయుధము ఆ బాలుని తల్లిదండ్రుల యింటినుండియో, దగ్గర బంధువుల యింటినుండియో వచ్చినదే. అందు సగమువరకు అది తాళము లేకనో, సులువుగా చేతికందునట్లో ఉండెను. శాండీ హుక్ హంతకుడు తన తల్లి కొన్న తుపాకులతో మొదట ఆ తల్లినే చంపి, పిమ్మట పాఠశాలకు పోయెను. పాఠశాల ద్వారమున కాపలా పెట్టుమని కోరు తల్లిదండ్రులు, అపాయము పుట్టుచోటు పాఠశాల ద్వారము కాదని, ఎవరిదో ఒకరి పడకగది అని గ్రహింపవలసియున్నది.

మిషిగన్ రాష్ట్రములోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలు ఉదంతము ఈ విషయమున మరింత వివరముగా చెప్పదగినది. 2021 నవంబరు 26న ఒక తండ్రి పిస్తోలు కొనెను. కుమారునకు పదునైదేండ్లు. నాలుగు దినముల తరువాత ఉదయము ఆ బాలుని గణితపు కాగితముపై తుపాకి బొమ్మను, సహాయము కోరు మాటలను ఒక ఉపాధ్యాయిని చూచినది. తల్లిదండ్రులను పిలిపించిరి. బిడ్డకు వైద్యసహాయము కావలెనని చెప్పిరి. తల్లియు తండ్రియు వచ్చిరి, చూచిరి, బాలుని ఇంటికి తీసికొనిపోక తమ ఉద్యోగములకు మరలి పోయిరి. ఇంట తుపాకి ఉన్నదని వారు చెప్పలేదు. పాఠశాలవారు అడుగలేదు. సంచి ఎవ్వరును తెరిచి చూడలేదు. తుపాకి ఆ సంచిలోనే ఉండెను. కొద్ది గంటలలో నలుగురు విద్యార్థులు మరణించిరి. 2024 ఫిబ్రవరి, మార్చి నెలలలో తల్లిని, తండ్రిని వేర్వేరు విచారణలలో న్యాయస్థానము దోషులుగా నిర్ణయించి, ఏప్రిలులో ఒక్కొక్కరికి పది మొదలు పదునైదు ఏండ్ల కారాగారశిక్ష విధించినది. బిడ్డ చేసిన పాఠశాల హత్యలకు తల్లిదండ్రులు ఇట్లు శిక్షింపబడుట ఆ దేశమున అదియే ప్రథమము. అపలాచీ ఘటనలో సైతము బాలునకు తుపాకి బహుమతిగా నిచ్చిన తండ్రిపై అభియోగములు మోపబడినవి.

ఆ శిక్ష ఎక్కువయా తక్కువయా అను చర్చ న్యాయవాదులకు వదలుదము. ఆ ఉదయపు గదిని తలచుకొందము. అందున్న పెద్దలలో ఎవ్వరును రాక్షసులు కారు. ఒక్కరు ఒక్క ప్రశ్న అడిగియున్నచో నలుగురు బిడ్డలు ఇంటికి చేరియుండెడివారు. "ఇంట ఆయుధము కలదా?" అను ఆ ప్రశ్న ఎందుకు రాలేదు? మర్యాద అడ్డు వచ్చినదని నా అభిప్రాయము. పరుల గృహవిషయము అడుగరాదనుకొనిరి. ప్రాణములకంటె మర్యాద గొప్పదైన చోటు అది.

అయితే రామచంద్రుడు సీతమ్మకు చెప్పిన సమాధానమును విడిచి ఆమె మాటనే చెప్పుట న్యాయము కాదు. ఆయన ఆమె పలుకులకు సంతోషించెను. ప్రేమ లేనివారికి ఎవ్వరును హితము చెప్పరు గదా అని మెచ్చుకొనెను. కాని ఆర్తుల మొర వినబడకుండుటకే క్షత్రియుడు విల్లు పట్టునని, శరణన్న మునులకిచ్చిన మాటను ప్రాణముపోయినను తప్పజాలనని పలికెను. కావున ఆయుధము సర్వత్ర నింద్యమని మన శాస్త్రము చెప్పదు. మన స్వామి చేతిలో శంఖచక్రములు లేవా? వైష్ణవగృహములందు పసిబిడ్డ మెడలో పంచాయుధముల పతకము వేయు ఆచారము లేదా? బేధమెచ్చటనగా: రాముని విల్లు ఇచ్చిన మాటకు కట్టుబడినది, ముని కత్తి ఏ మాటకును కట్టుబడనిది. ఒకటి ఆర్తుని పిలుపు విని లేచును. రెండవది ఊరకే వెంట తిరుగుచుండును. ఉపాధ్యాయులందరికి తుపాకులు ఇయ్యవలెనని అచ్చట కొందరు వాదించుచున్నారు. పాఠము చెప్పువాడు నిత్యము కత్తిని కనిపెట్టుకొనియుండవలసిన ఆ ముని స్థితికి వచ్చునేమో యని నాకు సందేహము. పార్క్‌లాండులో ఒక ఉపాధ్యాయిని పిల్లలను నేలపై కూర్చుండబెట్టి, కిటికీ అద్దమునకు కాగితమంటించి, పోలీసులమని చెప్పినను మోసమేమోయని తలుపు తీయలేదట. ఆమె చేతిలో ఏ ఆయుధమును లేదు.

ఇప్పుడు ఆ గృహస్థు ప్రశ్నకు వత్తము. భయపడుట విశ్వాసలోపమా?

మన పెద్దలు శరణాగతిని రెండు ఉపమానములతో వివరించిరి. కోతిపిల్ల తల్లిని తానే గట్టిగా పట్టుకొనును. పిల్లిపిల్లను తల్లియే నోట కరచుకొని పోవును. జీవుని ప్రయత్నమెంత, భగవంతుని కృప యెంత యను విచారణలో ఈ రెండు న్యాయములపై మన సంప్రదాయమున ఎంతయో చర్చ జరిగినది. కాని ఒకటి మరువరాదు. ఆ ఉపమానములలో మనము పిల్లలము. మన బిడ్డల విషయమున మనము తల్లికోతులము, తల్లిపిల్లులము. పిల్లలవలె ఊరకుండుట మనకు తగినదైనను, తల్లులవలె ఊరకుండుట తగదు. భరన్యాసము చేసిన ప్రపన్నుడు తన ఆత్మరక్షణ భారమును స్వామిపై నుంచెను గాని, తనయింటి అలమారకు తాళము వేయు భారమును ఉంచలేదు. ముని వద్ద ఉంచబడిన కత్తియు న్యాసమే, స్వామి వద్ద మనముంచు భారమును న్యాసమే. ఏది ఎవరి వద్ద ఉంచదగినదో తెలియుటయే వివేకము.

ఇక భయమును గూర్చి పెరియాళ్వారుల చరిత్రమున ఒక ఘట్టమున్నది. పాండ్యరాజు సభలో పరతత్త్వమును స్థాపించి ఏనుగుపై ఊరేగుచుండగా, శ్రీమన్నారాయణుడు గరుడారూఢుడై లక్ష్మీసమేతుడుగా ఆకాశమున సాక్షాత్కరించెను. అట్టి దర్శనము లభించినచో మనవంటివారము వరములు కోరుదుము. ఆళ్వారులు భయపడిరి! ఇంతటి సౌందర్యము ఈ కలికాలమున అందరి కంటబడినదే, ఏ దృష్టి తగులునో అని, సర్వరక్షకుడైన స్వామికే రక్ష కోరుచు మంగళాశాసనము పాడిరి. ఆ భయమును మన ఆచార్యులు అజ్ఞానమనలేదు. జ్ఞానమును మించిన ప్రేమ యనిరి. ఆ పాశురములనే నేటికిని ఆలయములలో మొదట అనుసంధించుచున్నాము. పూతనను చంపిన బాలకృష్ణునకే గోపికలు గోపుచ్ఛముతో రక్ష కట్టిరి. సర్వశక్తునిగూర్చి భయపడుట ప్రేమయైనప్పుడు, పదునాలుగేండ్ల బిడ్డను గూర్చి భయపడుట విశ్వాసలోప మెట్లగును?

అయితే ఆళ్వారుల భయము పాటగా మారినది, గోపికల భయము రక్షగా మారినది. ఏ పనిగాను మారని భయము మాత్రము ఇంటిలోనే తిరుగుచు బిడ్డకు అంటుకొనును. అందుకు నిజమైన కొలతలును ఎరిగియుండవలెను. 2020 నుండి ఆ దేశమున ఒకటి మొదలు పందొమ్మిదేండ్ల వారి మరణములకు ప్రథమకారణము తుపాకియే. కాని అందు పాఠశాలలో జరుగునవి మిక్కిలి స్వల్పభాగము. తక్కినవి ఇండ్లలో, వీధులలో జరుగునవి; తమ ప్రాణము తామే తీసికొనువారును అందు గలరు. పాఠశాలకు పంపుటకు వణకు తల్లి, బిడ్డ గది తలుపు నెలల తరబడి మూసియుండుటను గమనింపకపోవచ్చును.

ఈ మాట ప్రత్యేకముగా మన తెలుగు గృహములనుద్దేశించి చెప్పుచున్నాను. మార్కులను గూర్చి మనము అడిగినంతగా మనసును గూర్చి అడుగము. సీక్రెట్ సర్వీస్ వారి 2002 నాటి మొదటి పరిశీలనలోనే, అయిదింట నాలుగు దాడులకు ముందు కనీసమొక్కరికైనను సంగతి తెలిసియుండెనని తేలినది. తెలిసినవారు సామాన్యముగా తోటి పిల్లలే. వారు పెద్దలకు చెప్పలేదు. కొలరాడో రాష్ట్రము పేరు చెప్పకుండ సమాచారమిచ్చు ఏర్పాటును 2004లో ఆరంభించినది ఇందుకొరకే. ప్రహ్లాదుడు చదివినది చండామర్కుల పాఠశాల. అచ్చట గురువులు బిడ్డ మాటలను తండ్రికి చేరవేసిరి గాని, ఆలకింపలేదు. హిరణ్యకశిపుడు "ఏమి చదివితివి?" అని ఒడిలో కూర్చుండబెట్టుకొని అడిగెను, తాను కోరిన జవాబు రాకపోగానే తోసివేసెను. మొదటి ప్రశ్న వరకు ఆయన మనవంటి తండ్రియే. బిడ్డ "నా స్నేహితుడొకడు భయంకరమైన మాటలాడుచున్నాడు" అని చెప్పినప్పుడు, "నీకెందుకు, నీ చదువు నీవు చూచుకొనుము" అను తండ్రులు మనలో లేరా?

చేయదగిన చిన్న పని ఒకటి కలదు. అచ్చటి వైద్యులు, తల్లిదండ్రుల సంఘములు చాలకాలముగా చెప్పుచున్నదే. బిడ్డ సెలవుదినమున ఆటకొరకో, పుట్టినరోజు పండుగకొరకో స్నేహితుని యింటికి పోవునప్పుడు, ఆ యింటివారిని అడుగవలెను: "మీ యింట తుపాకి కలదా? తాళము వేసి యుండునా?" ఇది మనవారికి ఎంత కష్టమో నేనెరుగుదును. వేరుసెనగ తిన్నచో బిడ్డకు పడదని నిస్సంకోచముగా చెప్పు తల్లి, ఈ ప్రశ్న వచ్చుసరికి గొంతు విప్పలేదు. వారేమనుకొందురోనని బెదరును. తెలుగువారిలోను ఇటీవల తుపాకులు కొనువారు లేకపోలేదు గనుక, ఈ ప్రశ్న పొరుగువారికి మాత్రమే కాదు. సత్యనారాయణ వ్రతమునకు పిలిచిన చుట్టములనును అడుగవలసినదే, తమ్ముని ఇంటనైనను అడుగవలసినదే. మిషిగన్‌లో 2024 ఫిబ్రవరి నుండి పిల్లలుండు ఇంట తుపాకిని తాళమువేసి యుంచుట చట్టమైనది. అన్ని రాష్ట్రములలోను అట్టి చట్టము లేదు. చట్టము లేనిచోట అడుగుటకు తల్లి యొక్కతెయే గతి.

ఏ సమాధానము వచ్చునో మొదటిసారి అడిగిన తల్లులు చెప్పుదురు. కొందరు నొచ్చుకొందురు. పెక్కురు మాత్రము, తమ్మునెవరైన అడిగిన బాగుండునని ఎదురుచూచినట్లు, లోనికి పిలిచి తాళము చూపుదురు.